వచ్చినాడా, వచ్చిందా, వచ్చినారా? ట్రాన్స్ సమాజంలో మాటల తగువు, మన వాడల లెక్క

ఆదోనిలో ఒక చిన్న ఇంట్లో జరిగిన వాదన ఇది. ఒకవైపు అరవైకి దగ్గర పడిన ట్రాన్స్ మహిళ. ఆదోని అంగళ్ళ ముందు, గుంతకల్లు, రాయచూరు మధ్య తిరిగే రైళ్ళలో చేయి చాచి బతికిన మనిషి. మరోవైపు ఎమ్మిగనూరు పక్క పల్లెలో పుట్టి, డిగ్రీ చదివి, బెంగళూరులో కొన్నాళ్ళు పనిచేసి తిరిగొచ్చిన యువ కార్యకర్త. ఇద్దరూ మాదిగ గేరి బిడ్డలే. వాళ్ళ పేర్లు ఇక్కడ రాయడం లేదు.

యువ కార్యకర్త తమను పరిచయం చేసుకుంటూ "నేను నాన్‌బైనరీ. అంటే ఆడా కాదు, మగా కాదు" అన్నారు. పెద్దామె మొహం మారిపోయింది.

"ఆడా కాదు మగా కాదు అని నన్ను నలభై ఏండ్లు తిట్టినారు. నేను ఆడదాన్ని అని చెప్పుకునేదానికి ఇల్లు పోగొట్టుకుంటి, ఒళ్ళు కోయించుకుంటి. ఇప్పుడు నువ్వొచ్చి ఆ తిట్టే నా పేరు అంటే ఎట్ల నాయనా?"

"మిమ్మల్ని అనడం లేదమ్మా. నా సంగతి నేను చెప్పుకుంటాండా."

"నువ్వు చెప్పుకుంటే ఊరోళ్ళు నన్ను గూడా అదే లెక్కలో వేస్తారు."

ఆ తర్వాత టీ వచ్చింది, మాట మారింది. తగువు మాత్రం తీరలేదు. ఇలాంటి తగువు ఇప్పుడు ప్రపంచమంతా ఉంది. తాము పూర్తిగా స్త్రీలమని, పూర్తిగా పురుషులమని చెప్పే ట్రాన్స్ మనుషులను బైనరీ ట్రాన్స్ వ్యక్తులు అంటున్నారు. ఆ రెండు గడుల్లో దేనిలోనూ పూర్తిగా ఇమడని వాళ్ళు తమను నాన్‌బైనరీ అంటున్నారు. ఎవరి మాటలు ఎవరిని చెరిపేస్తున్నాయన్నదే వాళ్ళ మధ్య పేచీ.

మాలో ఎక్కువమందిమి ట్రాన్స్ మనుషులం కాము. ఈ తగువులో తీర్పు చెప్పే పెద్దమనుషుల పాత్ర మాకు అక్కర్లేదు. కానీ పేరు పెట్టే హక్కు ఎవరిది, గౌరవంగా పిలిపించుకునే హక్కు ఎవరిది, ఒకే గొడుగు కింద ఎవరు తడుస్తున్నారు అన్న ప్రశ్నలు దళిత ఉద్యమానికి కొత్తవి కావు. పైగా తగువు పడుతున్నది మన బిడ్డలు. అందుకే రాస్తున్నాం.

తిట్టే పేరైతే

తెలుగులో ట్రాన్స్ మనుషులకు సమాజం ఇచ్చిన మాటలన్నీ దాదాపు తిట్లే. కొజ్జా, మాడా, ఆడంగి, నపుంసకుడు, తేడా. వీటిలో చాలా వాటి అర్థం ఒకటే: వీళ్ళు ఇటూ కాదు, అటూ కాదు. చట్టం కూడా ఇదే భాష మాట్లాడింది. మంత్రాలయం దగ్గర తుంగభద్ర దాటితే అప్పట్లో నిజాం రాజ్యం. అక్కడ 1919 నాటి చట్టం ఒకటి ట్రాన్స్ మనుషులను నపుంసకులని పేరు పెట్టి, పోలీసు రిజిస్టరులోకి ఎక్కించింది. రిజిస్టరులో ఉన్న మనిషి ఆడవాళ్ళ బట్టలతో, నగలతో వీధిలో కనబడితే వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చంది. ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో. వైజయంతి వసంత మొగ్లి వంటి వాళ్ళు కోర్టు మెట్లెక్కితే గానీ అది పోలేదు.

ఈ చరిత్ర తెలిస్తే ఆదోని పెద్దామె కోపం అర్థమవుతుంది. 'ఇటూ అటూ కాదు' అన్న మాట నుంచి బయటపడటమే ఆమె జీవితకాలం పోరాటం. అదే మాటను ఒక యువ మనిషి తల ఎత్తుకుని చెబితే, తాను దాటివచ్చిన గోడను మళ్ళీ కడుతున్నట్టు ఆమెకు అనిపించింది.

రెండో వైపు నుంచీ చూడాలి. తిట్టును తీసుకుని పేరుగా నిలబెట్టిన చరిత్ర మనకు దగ్గరగానే ఉంది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టాక వేలమంది తమ పేరు చివర 'మాదిగ' అని రాసుకున్నారు. అంతకుముందు ఊళ్ళో ఆ మాట తిట్టుగానే వినబడేది. అప్పుడు కూడా మన ఇళ్ళలో పెద్దవాళ్ళు కొందరు భయపడ్డారు. 'దాచుకోవాల్సిన మాటను బోర్డు మీద రాస్తారా, పట్నంలో అద్దె ఇల్లు దొరుకుతుందా' అన్నారు. ఆ భయం తప్పు కాదు, ఆ ధైర్యమూ తప్పు కాదు. ఇష్టంలేని వాళ్ళ పేరు చివర ఎవరూ బలవంతంగా 'మాదిగ' అని రాయలేదు. రాసుకున్నవాళ్ళను తుడిచేయమనే హక్కు కూడా ఎవరికీ లేకపోయింది.

ట్రాన్స్ సమాజంలోని తగువుకు ఇదే పద్ధతి సరిపోతుందని మా అభిప్రాయం. ఎవరి పేరు వాళ్ళది. నాన్‌బైనరీ అన్నది ఒక మనిషి తన గురించి చెప్పుకునే మాటగా ఉండాలి. దాన్ని ట్రాన్స్ మనుషులందరికీ అంటగట్టే లేబులుగా మారిస్తే పెద్దామెకు అన్యాయం జరుగుతుంది. ఆ మాటే నోట రాకూడదంటే చిన్నవారికి అన్యాయం జరుగుతుంది.

క్రియలో దాగిన కులం

పేరు తర్వాత పిలుపు. తెలుగు వ్యాకరణం ఈ విషయంలో విచిత్రంగా ఉంటుంది. చిన్నయసూరి 1858లో రాసిన బాలవ్యాకరణం తెలుగు నామవాచకాలను మహత్తు, అమహత్తు అని విడదీసింది. ఏకవచనంలో పురుషుడు ఒకవైపు. స్త్రీ, పశువు, వస్తువు మరోవైపు. అందుకే ఆయన వచ్చినాడు. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సూ వచ్చింది. ఆదోని దాటి బళ్ళారి వైపు పోతే కన్నడంలో ఆడవాళ్ళకు వేరే క్రియ ఉంది. మన తెలుగులో లేదు.

ఒక ట్రాన్స్ మహిళకు 'వచ్చింది' అని వినబడటం చిన్న విషయం కాదు. ఆ ఒక్క క్రియ కోసం ఇంటి నుంచి తరిమేయించుకున్న వాళ్ళున్నారు. నాన్‌బైనరీ మనిషికి మాత్రం 'వచ్చినాడు' అన్నా, 'వచ్చింది' అన్నా తనది కాని చొక్కా తొడిగినట్టే. మిగిలింది 'వచ్చినారు'. అందులో ఆడా లేదు, మగా లేదు.

ఇంగ్లీషులో నాన్‌బైనరీ మనుషులు తమను 'దే' అనమంటే, ఒక్క మనిషిని బహువచనంలో ఎట్లా పిలుస్తామని అక్కడ పెద్ద చర్చ. తెలుగులో ఆ ఇబ్బందే లేదు. ఒక్క మనిషిని బహువచనంలో పిలవడం మనకు తరతరాల అలవాటు. ఆ బహువచనం ఎవరికి దక్కాలన్నదే ఇక్కడి లెక్క. రెడ్డి వచ్చినారు, కరణం వచ్చినారు. డెబ్బై ఏళ్ళ మా తాత మాత్రం వచ్చినాడు. పదేళ్ళ దొర కొడుకు కూడా ఆయన్ను ఒరే అన్నాడు. ఇంట్లో 'అవ్వ వచ్చింది' అంటే అది ప్రేమ. ఊరి నడిబజార్లో అదే మాట అంటే అందులో ఉన్నది వేరే.

అంటే నాన్‌బైనరీ మనిషి అడుగుతున్న క్రియ, దళితులు వందేళ్ళుగా అడుగుతున్న క్రియ ఒకటే. ఆ సంగతి చెప్పాక ఆదోని ఇంట్లో పెద్దామె కాసేపు ఆలోచించి మరో ప్రశ్న వేశారు. "అందరినీ వారు, వారు అంటే మళ్ళా నా 'ఆమె' ఏమైపాయె?"

న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు మన భాషలోనే ఉంది. ఆమె వచ్చినారు. ఆయన వచ్చినారు. వారు వచ్చినారు. ముందున్న మాట ఎవరిది వాళ్ళు ఎంచుకోవచ్చు. వెనకున్న క్రియ అందరికీ ఒకటే. ట్రాన్స్ మహిళ తన 'ఆమె'ను వదులుకోనక్కర్లేదు. నాన్‌బైనరీ మనిషి 'ఆమె'గానో 'ఆయన'గానో నటించక్కర్లేదు. ఈ వ్యాసంలో మేం అదే పాటిస్తున్నాం.

హైదరాబాద్ హిజ్రాల మీద గాయత్రి రెడ్డి రాసిన 'విత్ రెస్పెక్ట్ టు సెక్స్' పుస్తకం 2005లో వచ్చింది. హిజ్రాలు, కోతీలు, జోగినులు, శివశక్తులు ఒకరితో ఒకరు ఎలా కొలుచుకుంటారో అందులో ఉంది. ఆ కొలతకు మూలం ఇజ్జత్, అంటే గౌరవం. నిర్వాణం అయినవాళ్ళకు, కానివాళ్ళకు మధ్య, బదాయికి పోయేవాళ్ళకు, సెక్స్ పని చేసేవాళ్ళకు మధ్య మెట్లున్నాయి. నాన్‌బైనరీ అన్న మాట రాకముందే ఎవరు అసలైనవాళ్ళు, ఎవరు కారు అన్న పంచాయితీ ఆ ఇళ్ళలో ఉంది. బయట గౌరవం దొరకని చోట లోపల ఉన్న కాస్త గౌరవాన్ని మెట్లుగా పేర్చుకుంటారు. ఇది మనకు తెలియని సంగతా? మాల, మాదిగ, రెల్లి, డక్కలి మధ్య మెట్లు ఎవరు కట్టారో, వాటి మీద మనం ఎట్లా నిలబడ్డామో తెలుసు.

చట్టం ఇచ్చిన గడులు

ఇంట్లో వాదనగా మొదలైనది ప్రభుత్వ దరఖాస్తు దగ్గరికి వచ్చేసరికి బతుకు సమస్య అవుతుంది. 2014 ఏప్రిల్ 15న నల్సా తీర్పులో సుప్రీంకోర్టు ప్రతి మనిషికీ తన జెండర్ తానే చెప్పుకునే హక్కు ఉందంది. పురుషుడని, స్త్రీ అని, థర్డ్ జెండర్ అని, ఏదైనా. ఆ తీర్పు హిజ్రాలు, కోతీలు, అరవాణీలతో పాటు జోగప్పలను, శివశక్తులను కూడా పేరుపెట్టి చెప్పింది.

2019లో పార్లమెంటు చేసిన చట్టం నిర్వచనంలో ట్రాన్స్ మహిళ, ట్రాన్స్ పురుషుడు, ఇంటర్‌సెక్స్ వ్యక్తులతో పాటు జెండర్‌క్వీర్ అనే మాటను కూడా చేర్చింది. నాన్‌బైనరీ మనుషులకు అప్పట్లో చట్టంలో దొరికిన చోటు అదే. సంప్రదాయ సమూహాల ఉదాహరణల్లో కిన్నర్, హిజ్రా, అరవాణి, జోగ్తా ఉన్నాయి. తెలుగు నేలకు దగ్గరైన శివశక్తి అన్న పేరు ఆ వరుసలో లేదు.

2019లో ఆ చట్టం పెట్టిన పద్ధతి చూడండి. ముందుగా కలెక్టరు దగ్గర 'ట్రాన్స్‌జెండర్' అని సర్టిఫికెట్ తీసుకోవాలంది. స్త్రీ అనో పురుషుడనో రాయించుకోవాలంటే ఆపరేషన్ జరిగిందని వైద్యుల కాగితం చూపాలంది. దీనివల్ల ఇద్దరికీ కొరతే. తాను స్త్రీనని చెప్పే మనిషి ఆపరేషన్ చేయించుకునేదాకా మూడో గడిలో నిలబడాల్సి వచ్చింది. ఆడా మగా కాదని చెప్పే మనిషికి ఆ మూడో గడి ఒక్కటే దిక్కయింది. ఒకే గడిలో ఒకరు బయటికి పోవాలని, ఒకరు లోపల ఉండాలని తోసుకుంటుంటే, గడిని అంత ఇరుకుగా కట్టిన చేయి కనబడదు.

స్త్రీ అన్న గుర్తింపుకు ఈ రాష్ట్రంలో ఎంత విలువ ఉందో ఒక కేసు చెబుతుంది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, భర్త, అత్తమామల వేధింపులపై 498ఏ కింద ట్రాన్స్ మహిళ కూడా ఫిర్యాదు చేయవచ్చని చెప్పింది. పిల్లలను కనలేదు కాబట్టి ఆమె స్త్రీ కాదన్న వాదనను తోసిపుచ్చింది. ఆధారాలు చాలవని ఆ కేసును కొట్టేసినా, సూత్రం మాత్రం నిలిచింది. ట్రాన్స్ మహిళలు 'మమ్మల్ని మూడో లెక్కలో వేయొద్దు' అని ఎందుకంటారో దీన్నిబట్టి తెలుస్తుంది. స్త్రీకి చట్టం ఇచ్చే రక్షణ అక్కడుంది.

మూడో గడిలో ఉన్నది పింఛను. 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000 రూపాయలు వస్తున్న వర్గాల్లో వృద్ధులు, వితంతువులు, చేనేత కార్మికులు, చర్మకారులు, డప్పు కళాకారులతో పాటు ట్రాన్స్‌జెండర్లు కూడా ఉన్నారు. ఎమ్మిగనూరు మగ్గం మనిషి, మన గేరి డప్పు మనిషి, ఆదోని ట్రాన్స్ మనిషి ఒకే జాబితాలో పక్కపక్కన ఉన్నారన్నమాట. స్త్రీగా గుర్తింపు కావాలనే మనిషికి ట్రాన్స్ మనిషిగా రావాల్సిన మేలు కూడా కావాలి. రెండూ అడగడం అత్యాశ కాదు. దళిత మహిళ స్త్రీగానూ దళితురాలిగానూ రెండు హక్కులూ అడగడం లేదా?

'మన సంప్రదాయమే' అనే ముందు

నాన్‌బైనరీ అనేది పడమటి దేశాల నుంచి దిగుమతైన మాట అని కొందరంటారు. దానికి జవాబుగా పట్నాల్లోని కార్యకర్తలు జోగప్పలను చూపిస్తారు. మన దగ్గర ఎప్పటినుంచో ఉందంటారు. ఈ వాదనతో మాకు ఒక ఇబ్బంది ఉంది.

ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు దాకా బళ్ళారి జిల్లాలోవి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు కర్నూలులో కలిశాయి. ఎల్లమ్మ, హులిగెమ్మ కొలువు ఈ ప్రాంతానికి బళ్ళారి వైపుతో ఉన్న పాత బంధం. జోగప్ప అంటే ఎల్లమ్మకు అర్పితమై చీర కట్టే మనిషి. చీర కట్టినా పేరు చివర 'అప్ప' పోదు. బళ్ళారి జిల్లా కల్లుకంబలో పుట్టిన మంజమ్మ జోగతి హులిగెమ్మ గుడిలో ముత్యాలు కట్టించుకుని, జోగతి నృత్యం నేర్చి, కర్ణాటక జానపద అకాడమీ అధ్యక్షురాలయ్యారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఇదే నేల మీద బసివి ఆచారం ఉండేది. కొడుకు లేని ఇంట్లో కూతురిని దేవుడికి వదిలితే ఆమె పుట్టింట్లోనే ఉండి కొడుకులా ఆస్తి పొందేది, తండ్రికి కర్మ చేసేది. ఫ్రెడ్ ఫాసెట్ అనే ఆంగ్ల పోలీసు అధికారి 19వ శతాబ్దం చివర్లో బసివుల మీద రాసిన వ్యాసానికి పేరు పెడుతూనే, పురుషుల హక్కులు పొందే స్త్రీలు అన్నాడు.

అంటే ఆడ, మగ అన్న గీతలు ఈ నేల మీద ఎప్పుడూ అంత గట్టిగా లేవు. అంతవరకు నిజం. కానీ ఆ గీత దాటడానికి చెల్లించిన వెల ఏమిటి? బసివి అయినా జోగిని అయినా ఎక్కువగా మాదిగ, మాల, బోయ ఇళ్ళ ఆడపిల్లలు. దేవుడి పేరున ఊరి పెద్దలకు అందుబాటులో పెట్టిన శరీరాలు. ఆ ఆచారాన్ని 1988లో చట్టం చేసి నిషేధించాల్సి వచ్చింది. కాబట్టి జోగప్పను, బసివిని పాత గొప్పగా పోస్టరు మీద వేసేవాళ్ళు ఆ అర్పణ ఎవరి ఇంటి నుంచి జరిగిందో కూడా చెప్పాలి. మన బిడ్డలకు కావాల్సింది ఎవరికీ అర్పితం కాకుండా తమలా బతికే హక్కు. దానికి పాత కాలం నుంచి అనుమతి పత్రం తెచ్చుకోనక్కర్లేదు.

ఆడ కూలి, మగ కూలి

ఇంకో అపోహ కూడా పోవాలి. నాన్‌బైనరీ అంటే ఇంగ్లీషు వచ్చిన, ఏసీ గదుల్లో సర్వనామాలు అడిగే పట్నం పిల్లలన్న మాట పెద్దతరం ట్రాన్స్ మహిళల నోట తరచూ వింటాం. కొంత నిజముంది. ఎన్జీవో ఉద్యోగాలకూ, ఫెలోషిప్పులకూ ఇంగ్లీషు వచ్చినవాళ్ళే ముందుంటారు. రైల్లో చేయి చాచి దెబ్బలు తిన్నవాళ్ళు వెనకే ఉంటారు. ఆ కోపం జెండర్ మాటల మీదికి మళ్ళుతుంది గానీ దాని వేరు చదువులో, కులంలో, డబ్బులో ఉంది.

పేరు తెలియకుండానే అలా బతుకుతున్న వాళ్ళు మన గేరుల్లోనూ ఉన్నారు. కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం, మంత్రాలయం మండలాల నుంచి ఏటా పంటలు అయిపోయాక కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరపకోతకు పోతాయి. మేస్త్రీ పుస్తకంలో రెండే వరుసలు, ఆడ కూలి, మగ కూలి. పొలం గట్టున వేసిన గుడారంలో పడుకునే చోట్లు కూడా రెండే. ఆడపిల్లగా పుట్టి ఆడదాన్ని కాదనుకునే మనిషికి అక్కడ ఏ గుడారం? మగవాడిగా పుట్టి స్త్రీగా బతికే మనిషిని స్త్రీగా ఒప్పుకుంటే కూలి తగ్గుతుంది, ఒప్పుకోకపోతే గేలి పెరుగుతుంది. ఈ లెక్క దగ్గర బైనరీ, నాన్‌బైనరీ ఇద్దరూ ఒకే గట్టు మీద నిలబడ్డారు.

ట్రాన్స్ మహిళకు కనీసం జమాత్ ఉంది, గురువు ఉంది, ఇంటి నుంచి వెళ్ళగొడితే పోవడానికి ఒక గడప ఉంది. ఆడపిల్లలుగా పుట్టిన ట్రాన్స్ పురుషులకూ నాన్‌బైనరీ మనుషులకూ అదీ లేదు. వాళ్ళకు ఇల్లు దాటకముందే పెళ్ళి చేస్తారు. అందుకే ఈ తగువులో వాళ్ళ గొంతు దాదాపు వినబడదు.

గొడుగు కింద ఎవరు తడుస్తున్నారు

ట్రాన్స్ అన్నది గొడుగు మాట. దళిత అన్నదీ అంతే. గొడుగు అవసరమే, వాన పెద్దది కాబట్టి. కానీ దాని కింద అందరికీ సమానంగా నీడ దొరకదని వర్గీకరణ ఉద్యమం ముప్పై ఏళ్ళు చెప్పింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందంది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సు 15 శాతాన్ని 1, 6.5, 7.5గా మూడు వరుసలు చేసింది. దీని మీద మన ఇళ్ళలోనే రెండు అభిప్రాయాలున్నాయి. అయినా ఒక పాఠం అందరూ ఒప్పుకోవాలి. మాకు నీడ అందలేదని లోపలి నుంచి ఎవరైనా అంటే, గొడుగు చింపుతున్నారని వాళ్ళ మీద విరుచుకుపడటం జవాబు కాదు.

ట్రాన్స్ సమాజంలో కులం ప్రశ్నను గట్టిగా లేవనెత్తింది తమిళనాడుకు చెందిన గ్రేస్ బాను. నల్సా తీర్పు ట్రాన్స్ మనుషులను వెనకబడిన తరగతులుగా చూడమంది. అలా చేస్తే దళిత ట్రాన్స్ మనిషి తన ఎస్సీ హక్కు వదులుకుని వేరే వరుసలో నిలబడాలి. అందుకే ప్రతి వర్గం లోపలా ట్రాన్స్ మనుషులకు వాటా ఇచ్చే సమాంతర రిజర్వేషన్ కావాలని ఆమె అడుగుతున్నారు. మన సరిహద్దు అవతలి కర్ణాటక 2021లో రాష్ట్ర ఉద్యోగాల్లో 1 శాతం అలాగే ఇచ్చింది. ఆదోనిలో అది ఎందుకు లేదని బళ్ళారి వైపు చూసి మనం అడగాలి. 2025 అక్టోబర్ 17న ఢిల్లీ హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి ఆశా మీనన్ నేతృత్వంలో సుప్రీంకోర్టు వేసిన సలహా కమిటీలో గ్రేస్ బాను, వైజయంతి ఇద్దరూ ఉన్నారు. పల్లెల మాట, కూలీల మాట అక్కడికి చేరాలి.

ఎన్యూమరేటరు తలుపు తట్టినప్పుడు

ఈ మాటల తగువుకు గడువు ఒకటి దగ్గర పడుతోంది. 2011 జనగణనలో స్త్రీ, పురుషుడు కాక 'ఇతరులు' అనే గడి పెట్టారు. దేశంలో 4,87,803 మంది అందులో తేలారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. దేశంలోని ఆ ఇతరుల్లో ఎస్సీలు 78,811, అంటే ఆరుగురిలో ఒకరు. ఇవి సరైన లెక్కలు కావని అందరికీ తెలుసు. స్త్రీనని చెప్పుకున్న ట్రాన్స్ మహిళ స్త్రీల లెక్కలో కలిసింది. ఇంటిపెద్ద 'మా అబ్బాయే' అన్న మనిషి పురుషుల్లో కలిశారు. నాన్‌బైనరీ మనుషులను ఎవరూ అడగనే లేదు.

వచ్చే జనగణన జనాభా లెక్కింపు 2027 ఫిబ్రవరిలో. స్వాతంత్ర్యం తర్వాత మొదటిసారి జనగణనలో అన్ని కులాలనూ లెక్కిస్తారు. కులం గడి, లింగం గడి రెండూ ఒకే లెక్కింపులో ఉంటాయి. దళిత ట్రాన్స్ మనుషులు ఎంతమందో తెలిసే అవకాశం ఇది. కానీ ఫిబ్రవరి అంటే మిరపకోత కాలం. పడమటి కర్నూలు గేరుల్లో ఇళ్ళకు తాళాలుంటాయి. మనుషులు గుంటూరు, పల్నాడు పొలాల్లో ఉంటారు. అక్కడ గుడారం దగ్గరికి ఎన్యూమరేటరు వస్తే జవాబు చెప్పేది మేస్త్రీ. ఆయన పుస్తకంలో ఉన్నవి రెండే వరుసలు.

అందుకని ఇప్పుడే కొన్ని పనులు మొదలుపెట్టాలి. వలస పోయే మండలాల్లో లెక్కించే సిబ్బందికి ఈ విషయంలో తెలుగులో, కన్నడంలో, ఉర్దూలో శిక్షణ కావాలి. ఇంటిపెద్ద చెప్పింది కాక ఆ మనిషి నోటి మాటే రాయాలి. స్త్రీ అని చెప్పిన ట్రాన్స్ మహిళను స్త్రీగానే రాయాలి. ట్రాన్స్ మనిషినన్న సంగతి చెప్పాలనుకుంటే అందుకు వేరే ప్రశ్న ఉండాలి, అప్పుడు ఒక గడి కోసం ఇద్దరూ తోసుకోనక్కర్లేదు. మన సంఘాలు గేరి సమావేశాల్లో ఈ మాట చెప్పాలి, ట్రాన్స్ మనుషులను వేదిక కింద కాకుండా పైన కూర్చోబెట్టి చెప్పాలి. అవమానం జరిగితే 2019 చట్టం ఒక్కటే ఉందనుకోవద్దు. అందులో శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్ళే. కులం పేరుతో నలుగురిలో దూషిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద అయిదేళ్ళ దాకా ఉంది. కేసు రాసేటప్పుడు రెండూ రాయించాలి.

ఆదోని ఇంట్లో మేం లేచి వస్తుంటే పెద్దామె యువ కార్యకర్తను అడిగారు, "జనాల లెక్కకు వచ్చినోళ్ళు అడిగితే నువ్వు ఏం రాపిచ్చుకుంటావ్?" "మూడోది అమ్మా." "నేను ఆడమనిషి అనే రాపిచ్చుకుంటా." ఒక్క క్షణం ఆగి, "కులం మాత్రం ఇద్దరిదీ ఒకటే రాస్తారులే" అన్నారు. ఇద్దరూ నవ్వారు. ఆటో దొరికేదాకా ఆమె గడపలోనే నిలబడి ఉన్నారు. యువ కార్యకర్త ఎక్కాక ఆటో అతనితో గట్టిగా చెప్పారు, "వారు ఎమ్మిగనూరు పోవల్ల. బస్టాండు కాడ దించప్పా."